కొనడానికే వచ్చాను



పండగ ముందు రోజుల్లో బట్టల కొట్టు గుమ్మం ఎంత సందడిగా ఉంటుందో మీకు తెలుసు. లోపల తెల్ల దుప్పట్లు పరిచిన పరుపుల మీద కుటుంబాలకు కుటుంబాలే కూర్చుని చీరలు చూస్తుంటాయి. బయట నిలబడిన కుర్రాడు "రండమ్మా, రండక్కా, పట్టుచీరలు పైన, ఫ్యాన్సీ కింద" అని దారిన పోయేవాళ్ళందరినీ పిలుస్తుంటాడు. ఆ గుమ్మంలోకి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ అడుగుపెట్టిందనుకోండి. పిలుపు ఆగిపోతుంది. గల్లాపెట్టె దగ్గరున్నాయన తలెత్తి చూసి, సొరుగు లాగి, పది రూపాయల నోటు తీసి కుర్రాడికిస్తాడు. కుర్రాడు ఆ నోటు పట్టుకుని ఆమెకు ఎదురొస్తాడు. ఆమె బ్యాగులో చీరకు సరిపడా డబ్బుంది. నచ్చిన రంగేదో ముందే అనుకుని వచ్చింది.

ఈ సంగతి నాకు చెప్పినవాళ్ళు విజయవాడలోనూ ఉన్నారు, హైదరాబాదులోనూ ఉన్నారు. దారిలో ఎవరో తిట్టిన తిట్ల గురించి చెప్పేటప్పుడు వాళ్ళు కోపంగా చెప్పారు. ఈ పది రూపాయల నోటు గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించారు. ఎందుకంటే ఆ నోటు ఇచ్చినాయన వాళ్ళను తిట్టలేదు. తన లెక్కలో మంచే చేశాడు. కానీ ఆమె కొనడానికి వచ్చి ఉండవచ్చన్న ఆలోచనే ఆయనకు తట్టలేదు.

ఇందులో కొట్టువాళ్ళను మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేం. మన ఊళ్ళలో హిజ్రాలు దుకాణం దుకాణానికీ తిరిగి డబ్బు అడగడం చాలాకాలంగా ఉన్నదే. కొత్త కొట్టు తెరిచినప్పుడు వాళ్ళను పిలిపించి దిష్టి తీయించుకునే యజమానులున్నారు. వాళ్ళ చేతి రూపాయి గల్లాపెట్టెలో ఉంటే వ్యాపారం కలిసొస్తుందని నమ్మేవాళ్ళున్నారు. చదువు మధ్యలో ఆగిపోయి, ఇంట్లోంచి గెంటేయబడి, ఉద్యోగం ఎవరూ ఇవ్వక అడుక్కునే బతుకు చాలామందికి వచ్చింది. అందువల్ల గుమ్మంలో ఆ మనిషి కనిపించగానే చెయ్యి సొరుగులోకి పోతుంది. అయితే 2011 జనాభా లెక్కల్లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేల మందికి పైగా ఆడా మగా కాక ఇతరులుగా నమోదయ్యారు. ఇంత మందికీ ఒంటి మీదికి బట్ట కావాలి కదా. ఆ బట్ట ఎక్కడ కొనుక్కుంటున్నారు, ఎలా కొనుక్కుంటున్నారు అని మనం ఎప్పుడూ అడగలేదు. ఈ పూట ఆ సంగతే మాట్లాడాలని నేను వచ్చాను.

హిజ్రాల ఒంటి మీద ఆడవాళ్ళ బట్ట కనిపిస్తే చాలు, జైల్లో పెట్టే చట్టం మన హైదరాబాదులో ఉండేది. ఇది చాలామందికి తెలియదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్త జాతుల చట్టం చేసినప్పుడు అందులో రెండో భాగం హిజ్రాల గురించి పెట్టారు. పోలీసు రిజిస్టరులో పేరున్న హిజ్రా ఆడ దుస్తుల్లో బజారులో కనిపిస్తే శిక్ష. 1919లో, అంటే ఫస్లీ లెక్కన 1329లో, నిజాం రాజ్యంలోనూ అలాంటి చట్టమే వచ్చింది. చీర కట్టుకుని గానీ, నగలు పెట్టుకుని గానీ వీధిలో కనపడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ళ దాకా జైలుశిక్ష వేయవచ్చు. వీధిలోకి రాకపోయినా, వీధిలోని వాళ్ళకు కనపడాలని ఇంటి ముందు అలా నిలబడ్డా నేరమే.

సరిగ్గా ఆ కాలంలోనే, ఇటు ఆంధ్ర దేశంలో స్థానం నరసింహారావు గారు చీర కట్టుకుని రంగస్థలం మీదికి వస్తుంటే జనం బళ్ళు కట్టుకుని వచ్చి చూసేవారు. ఆయన సత్యభామను, ఆ చీరకట్టులోని అందాన్ని తెలుగువాళ్ళు తరాల తరబడి చెప్పుకున్నారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. అది తగిన గౌరవం, ఆయన మహానటుడు. కానీ ఆయనది వేషం. నాటకం అయ్యాక రంగు కడుక్కుని ఆయన తన బట్టల్లో ఇంటికి వెళ్ళేవారు. కట్టిన చీర విప్పి మరొకటిగా మారడం చేతకాని మనుషులు, ఆ చీరే తమ అసలు బట్ట అయినవాళ్ళు, అదే రోజుల్లో హైదరాబాదు వీధుల్లో పోలీసును చూసి సందుల్లోకి తప్పుకునేవారు. వేషానికి చప్పట్లు కొట్టిన మన భాషలోనే ఈ మనుషులకు తిట్లుగా వాడే మాటలెన్ని పుట్టాయో మీకూ తెలుసు.

నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు దానిమీద హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒక మనిషి చీర కట్టుకోవడం నేరం అన్న మాట మన గడ్డ మీద పుస్తకాల్లోంచి చెరిగిపోవడానికి నూట నాలుగేళ్ళు పట్టింది.

అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. నల్సా తీర్పు అంటారు దాన్ని. తాను ఆడో మగో మరొకరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని చెప్పిన తీర్పుగా అది అందరికీ గుర్తుంది. కానీ అందులో ఇంకో మాట ఉంది. తన లింగ గుర్తింపును మనిషి తన దుస్తుల ద్వారా, మాటల ద్వారా, నడవడి ద్వారా చెప్పుకోవచ్చనీ, అది రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమనీ జస్టిస్ రాధాకృష్ణన్ రాశారు. అంటే పత్రికలో వ్యాసం రాసేవాడికి ఏ హక్కు ఉందో, చీర ఎంచుకునే ఆమెకూ అదే హక్కు. 2019లో పార్లమెంటు చేసి 2020 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం, జనానికి అమ్మే వస్తువులు, అందించే సేవలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నిరాకరించకూడదని స్పష్టంగా చెప్పింది.

కోర్టులు చేయగలిగింది అంతవరకే. ఇక మిగిలింది కౌంటరు. ఢిల్లీలో ఇచ్చిన హక్కును కౌంటరుకు ఇవతలి వైపున్న మనిషికి అందించవలసింది నెలకు పన్నెండు వేలకో పదిహేను వేలకో పనిచేసే సేల్స్ గర్ల్. ఆ అమ్మాయికి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

మొట్టమొదటి బట్ట గురించి చెప్పాలి. కొట్టుకు వెళ్ళడానికి చాలా ముందే అది మొదలవుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అక్క ఓణీ భుజం మీద వేసుకోవడం, అమ్మ చీర చుట్టుకుని అద్దం ముందు నిలబడటం, గేటు చప్పుడు వినగానే గబగబా మడతపెట్టి ఉన్న చోటే పెట్టేయడం. తమిళనాడుకు చెందిన రేవతి తన జీవితాన్ని రాసుకున్న పుస్తకంలో ఇలాంటి బాల్యం ఉంది. ఊరి జాతరలో ఆడవేషం కట్టినప్పుడు మెచ్చుకున్న ఊరే, మామూలు రోజుల్లో ఆ నడకను ఎగతాళి చేసింది. ఆ పుస్తకాన్ని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చదవని వాళ్ళు దొరికితే చదవండి. మన ఇంట్లో పెరిగే పిల్లవాడి మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకు అంతగా ఉపయోగపడిన పుస్తకం మరొకటి లేదు.

ఇంట్లో వాళ్ళ బట్టల్లోంచి కొట్టుకు రావడం పెద్ద దాటు. ప్యాంటూ చొక్కాలో వెళ్ళి ఆడబట్టలు అడగాలి. అప్పుడు "ఎవరికి?" అన్న ప్రశ్న వస్తుంది. అమ్మేవాళ్ళు చెడ్డ ఉద్దేశంతో అడగరు, సైజు కోసం అడుగుతారు. చెల్లికని చెప్తారు, పెళ్ళయిన వయసులో కనిపిస్తే భార్యకని చెప్తారు. "మీ చెల్లి ఎంత ఎత్తుంటుందన్నా?" అని మళ్ళీ ప్రశ్న. "నా అంత ఉంటుంది" అనడానికి నోరు రాదు. ఎంతోకొంత తగ్గించి చెప్తారు. ఇంటికొచ్చి వేసుకుంటే భుజాల దగ్గర పట్టేస్తుంది. మార్చుకోవడానికి మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళే ధైర్యం ఉండదు. అలా ఒక్కసారి కూడా వేసుకోని చుడీదార్లు పెట్టె అడుగున పడి ఉన్నాయని నాతో చెప్పినవాళ్ళున్నారు. కూలిపని చేసి కూడబెట్టిన డబ్బు అది.

ఈమధ్య ఫోన్లో ఆర్డరు పెట్టుకోవడం వచ్చాక కొంత మేలయింది. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కానీ పార్సిల్ ఇంటికే వస్తుంది. తమ్ముడు తీసుకుంటే? హాస్టలు వార్డెను విప్పి చూస్తే? అందుకని స్నేహితుల ఇంటి చిరునామా పెడతారు. ఆధార్‌లో ఒక పేరు, పార్సిల్ మీద ఇంకో పేరు ఉంటే తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి బిగ్గరగా ఆ పేరు పిలుస్తాడు, వీధంతా వింటుంది. పైగా సైజు పట్టికలో ఎన్ని అంకెలున్నా, బట్ట చేతికి తగిలితేనే అదేమిటో తెలుస్తుంది. ఆడవాళ్ళం మనం ఎంతమందిమి చీర అంచును వేళ్ళ మధ్య నలిపి చూడకుండా కొంటాం? ఆ సుఖం వాళ్ళకూ ఉండాలి. ఇద్దరు ముగ్గురు కలిసి బజారుకు వెళ్ళడం, "ఇది నీకు బాగుంటుందే" అనుకోవడం, గీసిగీసి బేరమాడటం, ఏమీ కొనకుండా లేచి వచ్చేయడం. ఏమీ కొనకుండా లేచి వచ్చేయగలగడం కూడా ఒక హక్కే. ట్రాన్స్ మహిళ అలా లేచి వస్తే, ఎందుకొచ్చిందో అని వెనకనుంచి మాటలు వినపడతాయి. అందుకని నచ్చకపోయినా ఏదో ఒకటి కొని బయటపడతారు.

ఇంకో సంగతి గొంతు. మనిషిని చూసి "ఏం చూపించమంటారు మేడమ్?" అని మర్యాదగా అడిగిన అబ్బాయే, ఆమె నోరు విప్పగానే పక్కవాడి వైపు చూసి నవ్వుతాడు. ఆ నవ్వు పడలేక చాలామంది కొట్లో మాట్లాడరు. వేలు పెట్టి చూపిస్తారు, తలాడిస్తారు. బేరమాడాలంటే మాట్లాడాలి కదా, అందుకని అడిగినంతా ఇచ్చేస్తారు. మౌనంగా ఉండటానికి వాళ్ళు ప్రతిసారీ యాభయ్యో వందో ఎక్కువ కడుతున్నారు.

చీర దగ్గర ఒక సుగుణం ఉంది. దానికి సైజు లేదు. ఐదున్నర మీటర్ల బట్ట పొట్టివాళ్ళనూ పొడుగువాళ్ళనూ, సన్నవాళ్ళనూ లావువాళ్ళనూ ఒకేలా చుట్టుకుంటుంది. ఐదడుగుల పది అంగుళాల మనిషి కూడా నాభికి కాస్త కిందగా కడితే పాదాల దాకా అందుతుంది. హిజ్రాల కుటుంబాల్లో చీరకు ఉన్న స్థానం వేరు. హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య చాలాకాలం గడిపి గాయత్రీ రెడ్డి గారు 2005లో ఒక పుస్తకం వెలువరించారు. ఆ సముదాయంలో చీర కట్టేవాళ్ళు, కట్టనివాళ్ళు అన్న తేడా ఎంత ముఖ్యమైనదో, ఆ తేడా మీద మనిషి హోదా, గౌరవం ఎలా నిలబడతాయో అందులో వివరంగా ఉంటుంది. నిర్వాణం, అంటే ఆపరేషను, అయ్యాక నలభై రోజులకు పసుపు పూసి, కొత్త చీర కట్టి, పెళ్ళికూతురిలా ముస్తాబు చేస్తారు. ఆ చీర కొనడానికి గురువు, తోటి చేలాలు, అంటే శిష్యులు, కలిసి వెళ్తారు. వేములవాడ రాజన్న గుడిలో శ్రీరామనవమి కల్యాణానికి శివపార్వతులని పిలిచే భక్తులు, జోగినులతోపాటు హిజ్రాలూ పెద్ద సంఖ్యలో వస్తారు. దేవుడి పెళ్ళిలో తామూ తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి భర్తగా తలుచుకుంటారు. నవమికి కట్టుకునే చీర కోసం నెలల ముందు నుంచి డబ్బు దాచుకుంటారు. ఇంత ముఖ్యమైన చీరను ఎంచుకునేటప్పుడు పరుపు మీద కూర్చోబెట్టి, నాలుగు చీరలు విప్పి, పైట భుజం మీద వేసి అద్దం చూపించడం ఆ కొట్టువాళ్ళకు పెద్ద పని కాదు.

చీర సరే, జాకెట్టు? అసలు కష్టం ఇక్కడుంది.

మనం ఆడవాళ్ళం టైలరు దగ్గరికి వెళ్తే ఆమె మొదట అడిగేది, "ఆది జాకెట్టు తెచ్చారా?" అని. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే దాని కొలతల మీద కొత్తది కుడుతుంది. పన్నెండేళ్ళప్పుడు అమ్మ వెంట వెళ్ళి కుట్టించుకున్న మొదటి జాకెట్టు నుంచి మనకు ఏదో ఒక ఆది ఎప్పుడూ ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళ వయసులో మొదటి జాకెట్టు కుట్టించుకునే మనిషికి ఆది ఎక్కడినుంచి వస్తుంది? ఒళ్ళే కొలవాలి. టేపు ఛాతీ చుట్టూ తిరగాలి, చంకలోంచి రావాలి, భుజం మీద, వీపు మీద ఆనాలి. అక్కడ మాట తడబడుతుంది. "మేం లేడీస్‌వే కుడతామండీ" అని కొందరు పంపించేస్తారు. కొందరు మగ టైలర్లు ఒప్పుకుంటారు గానీ, కొలిచేటప్పుడు వెకిలి మాటలు, అక్కర్లేని చేతులు. కొందరు ఆడ టైలర్లు ముట్టుకోవడానికి మొహమాటపడి, దూరం నుంచి చూసి అందాజాగా రాసుకుంటారు. ఆ జాకెట్టు ఎలా కుదురుతుందో చెప్పక్కర్లేదు.

మర్యాద ఒక్కటే ఉంటే చాలదు, ఇందులో పనితనం కూడా కావాలి. మామూలు ముప్పై ఎనిమిది సైజు జాకెట్టుకు భుజం కొలత పద్నాలుగు, పద్నాలుగున్నర అంగుళాలు పెట్టడం టైలర్లకు అలవాటు. ట్రాన్స్ మహిళల్లో చాలామందికి పదహారు, పదిహేడు ఉంటుంది. భుజానికి సరిపోవాలని పెద్ద సైజు తీసుకుంటే ఛాతీ దగ్గర, నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది. రెడీమేడ్ జాకెట్టు, రెడీమేడ్ కుర్తీ ఏదైనా ఇదే తంటా. చెయ్యి తిరిగిన టైలరు ఏం చేస్తుందంటే, చంక కుట్టును భుజం చివరి నుంచి కొంచెం లోపలికి జరుపుతుంది. పఫ్ చేతులు వద్దని చెప్తుంది, మోచేతి దాకా ఉండే చేతులు పెడుతుంది. మెడను వెడల్పుగా కాకుండా కిందికి కోణంగా దింపుతుంది. దాంతో భుజం విశాలం కంటికి తగ్గుతుంది. హార్మోన్లు వాడుతున్నవాళ్ళకు ఛాతీ రెండు మూడేళ్ళ పాటు నెమ్మదిగా పెరుగుతూ మారుతుంటుంది. అది తెలిసిన టైలరు రెండు పక్కలా లోపల అంగుళంన్నర బట్ట వదిలి కుడుతుంది, ఆరు నెలలకోసారి ఒక్కో కుట్టు విప్పుకోవచ్చు. ఎదిగే ఆడపిల్లల జాకెట్లకు మన టైలర్లు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

అలాంటి టైలరు ఒకరు దొరికితే వాళ్ళు ఎంత దూరమైనా వెళ్తారు. గురువుల ఇళ్ళకు ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టేవాళ్ళు కొన్ని పేటల్లో ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చి విజయవాడలో కుట్టించుకునేవాళ్ళ గురించి విన్నాను. ఆ టైలర్లను ఎవరూ సన్మానించరు, వాళ్ళ పేర్లు ఎక్కడా రావు. వాళ్ళు చేసేది సేవ అని వాళ్ళూ అనుకోరు. కొలత తీసుకుంటారు, డేటు చెప్తారు, చెప్పిన డేటుకు ఇవ్వరు, అందరి ఆడవాళ్ళనూ తిప్పించుకున్నట్టే వీళ్ళనూ తిప్పించుకుంటారు. చీర ధర కన్నా కుట్టుకూలి ఎక్కువైపోయిందని అందరితోపాటు వీళ్ళూ గొడవ పెట్టుకుంటారు. ఆ గొడవ వింటుంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

లోదుస్తుల సంగతి రేడియోలో మాట్లాడవచ్చా అని కొందరు అనుకోవచ్చు. మాట్లాడాలి. బ్రా సైజులో ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె ఛాతీ కింది చుట్టుకొలతను బట్టి, అక్షరం కప్పును బట్టి. వీళ్ళకు చుట్టుకొలత ఎక్కువ, కప్పు చిన్నది. నలభై ఏ, నలభై రెండు ఏ లాంటి సైజులు మామూలు కొట్లలో దొరకడం కష్టం. ఉన్నవాటిలో సర్దుకుంటే పట్టీ ఒరుసుకుని పుళ్ళవుతాయి. చెప్పుల దగ్గరా ఇంతే. ఆడవాళ్ళ చెప్పులు ఏడు, ఎనిమిది సైజులతో ఆగిపోతాయి. తొమ్మిది, పది కావలసినవాళ్ళు మగవాళ్ళ చెప్పులే వేసుకుని, చీర కుచ్చిళ్ళతో పాదాలు కప్పుకుని నడుస్తారు.

గాజుల దగ్గర మాత్రం కథ కొంచెం మారుతుంది. చార్మినార్ పక్క లాడ్ బజారుకు వెళ్ళండి. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాజుల సైజు రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని చెప్తారు. రెండంటే రెండు అంగుళాలు, పక్కనున్నది అంగుళంలో పదహారో వంతులు. రెండు-ఎనిమిది అంటే రెండున్నర అంగుళాల లోపలి కొలత. చాలా ఊళ్ళలో రెండు-ఎనిమిది దాటితే వెతుక్కోవాలి. లాడ్ బజారులో రెండు-పది, రెండు-పన్నెండు కూడా దొరుకుతాయి. గాజులు తొడిగేవాళ్ళు సైజు అడగరు. చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింద మెత్తగా నొక్కి చూసి, సరిపోయే డజను తీసి పెడతారు. ఆ చెయ్యి ఎవరిదన్నది వాళ్ళ పనిలో లేదు. తన చేతిని మరో మనిషి మామూలుగా పట్టుకోవడం అక్కడే మొదటిసారి అని ఒకామె నాతో చెప్పింది.

ఇక ట్రయల్ రూము. ఇక్కడ నా తోటి ఆడవాళ్ళతో సూటిగా మాట్లాడాలి. "ఆమె మన వైపు గదిలోకి వస్తే ఎలా?" అని మీలో కొందరికి బెరుకుంటుంది. నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఆడపిల్లల తల్లులకు భయాలుంటాయి. కానీ ట్రయల్ రూము ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. ఒక మనిషి పట్టే గది, తలుపు, లోపల గడియ. ఒకరి తర్వాత ఒకరు వెళ్తారు. ట్రయల్ రూముల్లో ఆడవాళ్ళకు నిజంగా ఎదురైన ప్రమాదం రహస్య కెమెరాలు. వాటిని పెట్టింది మన పక్కన వరసలో నిలబడిన ట్రాన్స్ మహిళ కాదు. ఆమెను మగవాళ్ళ వైపు పంపిస్తే, చీరలోనో చుడీదార్లోనో ఉన్న మనిషి మగవాళ్ళ వరసలో నిలబడి మరో చుడీదార్ వేసుకుని చూసుకోవాలి. ఆ వరసలో ఆమెకు ఏం జరుగుతుందో ఊహించగలిగినవాళ్ళం మనమే, ఎందుకంటే అలాంటి చూపులు మనకు తెలుసు. అటూ ఇటూ కూడా వద్దంటే చూసుకోకుండా కొనాలి, లేదా కొనకుండా పోవాలి. ఆడా మగా బోర్డులు లేకుండా విడివిడి గదులు పెట్టుకున్న కొట్లలో ఈ చిక్కే రాదు.

ఇదే కథకు ఇంకో వైపు కూడా మనుషులున్నారు, వాళ్ళను మరిచిపోకూడదు. ఆడపిల్లగా పుట్టి, తాను మగవాడినని తెలుసుకున్నవాళ్ళు. ఓణీల ఫంక్షనుకు పట్టులంగా కొనడానికి అమ్మ, పిన్ని, అత్త కలిసి ఉత్సాహంగా తీసుకెళ్తారు. అద్దం ముందు నిలబెట్టి ఎంత ముచ్చటగా ఉన్నావో అంటుంటే, ఆ పిల్లవాడికి ఏడుపొస్తుంది. సిగ్గు అనుకుని అందరూ నవ్వుతారు. ఒకరికి దొరకని లంగా, మరొకరికి బలవంతంగా దొరుకుతోంది. ఆ విషయం ఇంకో ప్రసంగానికి సరిపడా ఉంది, ఇక్కడితో ఆపుతాను.

బట్టకూ బతుకుతెరువుకూ ఉన్న ముడి కూడా చెప్పుకోవాలి. ఇంటర్వ్యూకు వెళ్ళాలంటే ఒంటికి కుదిరిన మంచి డ్రెస్సు ఉండాలి. భుజాల దగ్గర బిగిసి, చేతులు పొట్టిగా ఉన్న కుర్తీలో వెళ్ళిన మనిషిని చూసి, లోపలివాళ్ళు నిమిషంలో నిర్ణయం తీసేసుకుంటారు. 2024 చివర్లో హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకున్నారు. యూనిఫామ్ వేసుకుని వాళ్ళు కూడళ్ళలో నిలబడి వాహనాలను ఆపుతుంటే, అంతకు ముందు అదే సిగ్నల్ దగ్గర కారు అద్దం దించకుండా చూపు తిప్పుకున్నవాళ్ళు ఇప్పుడు బ్రేకు వేస్తున్నారు. నెలజీతం అందుకునే మనిషి కొట్టుకు వచ్చే తీరు వేరుగా ఉంటుంది. కొట్టువాళ్ళకు కూడా మెల్లగా అది తెలిసొస్తుంది.

ఇందాక చెప్పిన 2019 చట్టం ప్రకారం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను బహిరంగ స్థలంలోకి రానివ్వకపోతే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. నేను మాట్లాడిన వాళ్ళలో ఎవరూ కేసు పెడతామని అనలేదు. వాళ్ళకు చీర కావాలి, కేసు వద్దు.

అందుకని కొట్లు నడిపేవాళ్ళను, కుట్టేవాళ్ళను కొన్ని సంగతులు అడుగుతాను. గుమ్మంలో ఎవరు కనిపించినా ముందు "రండి, ఏం చూపించమంటారు?" అనండి. డబ్బు అడగడానికి వచ్చిన మనిషైతే తానే చెప్తుంది. చీర కట్టుకుని వచ్చిన మనిషిని అమ్మా, అక్కా అనే పిలవండి, గొంతు ఎలా ఉన్నా. ప్యాంటూ చొక్కాలో వచ్చి చుడీదార్ అడిగిన అబ్బాయిని "ఎవరికి?" అని అడగవద్దు, "ఏ సైజు కావాలి?" అని అడగండి, మార్చుకోవచ్చని మీరే ముందుగా చెప్పండి. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు మడతలు పెట్టడం నేర్పించిన రోజునే ఇదీ చెప్పండి. నలభై రెండు అంగుళాల పొడుగు పావడాలు కొన్ని, తొమ్మిది, పది సైజుల ఆడ చెప్పులు కొన్ని, రెండు-పన్నెండు గాజులు నాలుగు డజన్లు తెప్పించి పెట్టుకోండి. అవి అమ్ముడుపోకుండా ఉండవు. వాలీబాల్ ఆడే పొడుగాటి అమ్మాయిలూ, పొలంపని చేసి చేతులు బిగిసిన ఆడవాళ్ళూ ఇన్నాళ్ళూ ఆ సైజులు దొరక్క వెనక్కి వెళ్తున్నారు, వాళ్ళూ కొంటారు. టైలరమ్మలూ, ఆది జాకెట్టు లేదని ఎవరైనా అంటే తలుపు దగ్గరికి వేసి, టేపు తీసుకుని, ఎక్కడెక్కడ కొలుస్తారో ముందుగా చెప్పి కొలవండి. కుట్టు అయిపోయాక ఆ కొలతలు చీటీ మీద రాసి ఆమెకు ఇవ్వండి. ఇంకో ఊళ్ళో ఇంకో టైలరు దగ్గరికి వెళ్ళినా ఆ చీటీ పనికొస్తుంది.